కృపావరములును ప్రవచన పరీక్షయు

క్రైస్తవ మతములో నేటికిని తెగని వివాదములు పెక్కులు కలవు. వానిలో ఒకటి మతగ్రంథములను గౌరవించు జనులందఱును విచారింపదగినది. అపొస్తలుల కాలమున విశ్వాసులకు కలిగినవని చెప్పబడు ప్రవచనము, అన్యభాషలు, స్వస్థపఱచు శక్తి మొదలగు కృపావరములు ఆ తరముతోనే నిలిచిపోయినవా, లేక నేటికిని కలుగుచున్నవా యనునదియే యా ప్రశ్న. ఇది పండితుల వాగ్వాదమాత్రమని చదువరులు తలంపవలదు. దేవుడు తనతో పలికెనని ఒకడు చెప్పినప్పుడు, వినువాడు తన యౌషధమును మానవలెనా, తన సొత్తును విడువవలెనా, తన బుద్ధిని వానికి లోబఱపవలెనా యనునది దీనిమీదనే యాధారపడియున్నది. కావున ఉభయపక్షముల వాదములను న్యాయస్థానమున వలె క్రమముగా విచారించి, పిమ్మట మాకు తోచిన నిర్ణయమును మనవి చేసెదము.

మొదట మూలవాక్యములను చూతము. క్రీ.శ. 55 ప్రాంతమున పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలోని 12, 13, 14 అధ్యాయములు ఈ విషయమునకు ప్రధాన ప్రమాణములు. ఆ సంఘమున అన్యభాషలతో పలుకువారు తమ్ము తామధికులనుగా నెంచుకొనుచుండిరి. పౌలు వారికి మూడు సంగతులను బోధించెను. వరములు వేఱైనను అవి ఒక్క దేహమునందలి అవయవముల వంటివి గనుక ఎవరును గర్వింపరాదు; అర్థము చెప్పువాడు లేని భాష సంఘమునకు ప్రయోజనకారి కాదు; ప్రవక్తలు ఇద్దఱో ముగ్గురో పలుకగా తక్కినవారు ఆ పలుకులను విమర్శింపవలెను. ఈ బోధల నడుమ ప్రేమను గొనియాడు 13వ అధ్యాయమున, ప్రవచనములును భాషలును ఒకనాటికి లేకుండపోవుననియు, పూర్ణమైనది వచ్చినప్పుడు అపూర్ణమైనది తొలగుననియు చెప్పెను. ఆ పూర్ణమైనది ఏది? అది ఎప్పుడు వచ్చును? వివాదములో సగము ఈ రెండు ప్రశ్నలలో నిమిడియున్నది.

వరములు నిలిచిపోయిన వనువారిలో కొందఱు, క్రొత్త నిబంధన గ్రంథము సంపూర్ణమగుటయే ఆ పూర్ణమైనది యందురు. భాషలను గూర్చి చెప్పునప్పుడు పౌలు గ్రీకులో వేఱొక క్రియాపదమును వాడెను గనుక, అవి ముందుగనే తమంతట తామణగిపోవునని అర్థమని మఱికొందఱు వాదింతురు. ప్రతిపక్షుల సమాధానము దీనికంటె బలమైనది. ఆ క్రియ ఆ రూపమున మానుట యను సామాన్యార్థముననే వాడుకలో నుండెనని వారు చూపుదురు. మఱియు పౌలు ఆ వెంటనే, ఇప్పటి మన జ్ఞానము అద్దమందలి మసకరూపము వంటిదనియు, అప్పటిది ఎదురెదుటి దర్శనమనియు భేదము చెప్పెను. గ్రంథము ముగిసిన పిమ్మట ఏ విశ్వాసికి అట్టి దర్శనము కలిగెను? స్వస్థపఱచు వరము గతించెనని నమ్మిన కాల్విను సయితము ఈ వాక్యమును గ్రంథసమాప్తికి అన్వయింపక, మరణముతో నారంభమై తుదితీర్పునాట నిండు పూర్ణతకే యన్వయించెను.

నిలిచిపోయెనను పక్షమునకు దృఢతరమైన యాధారము వేఱొకటి కలదు. అమెరికాలోని ప్రిన్‌స్టన్ పండితుడు బెంజమిన్ వార్‌ఫీల్డ్ 1918లో ప్రకటించిన గ్రంథమున దానిని విస్తరించెను. అద్భుతములు రాజదూత చేతి ముద్ర వంటివి. అపొస్తలులు దైవవార్తను తెచ్చినవారని స్థాపించుటకే యవి యియ్యబడెను. వార్త ముగిసెను గనుక ముద్రయు ముగిసెనని యాయన వాదము. దీనికి ప్రతిపక్షులు, వరములు అందఱి ప్రయోజనముకొఱ కియ్యబడెనని పౌలే వ్రాసెను గాని దూతల ప్రామాణ్యము కొఱకు మాత్రమే యని వ్రాయలేదందురు.

ఇక ప్రవచనము నెరవేరుటను గూర్చిన వాదము. అపొస్తలుల కార్యముల రెండవ యధ్యాయము ప్రకారము, పెంతెకొస్తు దినమున శిష్యులు పలుభాషలలో మాటలాడగా, ఇది యోవేలు ప్రవక్త ముందుగా చెప్పినదే యని పేతురు చాటెను. కుమారులును కుమార్తెలును, దాసులును దాసీలును ప్రవచింతురని యోవేలు చెప్పియుండెను. అయితే ఆ వాక్యముననే సూర్యుడు చీకటియగుననియు చంద్రుడు రక్తవర్ణమగుననియు కలదు. ఇవి ఆ దినమున జరిగినట్లు ఆ కథలో లేదు. అందుచే వ్యాఖ్యాతలు మూడు త్రోవల నడచిరి. ఆ దినమున జరిగినది రుచిమాత్రమే, సంపూర్ణ నెరవేర్పు ముందున్నదని కొందఱు. ఆకాశచిహ్నములు రాజ్యపతనమును తెలుపు ప్రవక్తల యలంకారములనియు, క్రీ.శ. 70లో యెరూషలేము నాశనముతో నెరవేరెననియు కొందఱు. అంత్యదినములు పెంతెకొస్తుతో నారంభమై లోకాంతమువఱకు సాగును గనుక వరములును అంతవఱకు సాగునని మఱికొందఱు. నెరవేర్పును ఎట్లు చదివిరో, వరములను గూర్చియు అట్లే తీర్మానించుకొనుచున్నారని దీనివలన తేటపడుచున్నది.

వాక్యముచేత తేలని వ్యాజ్యమును సాక్ష్యముచేత తేల్చవలెను. రెండవ శతాబ్దమున ఫ్రుగియ దేశమున మొంటానసు, ప్రిస్కిల్ల, మక్సిమిల్ల యనువారు నూతన ప్రవచనమును చాటిరి. యుద్ధములును కల్లోలములును రానున్నవని మక్సిమిల్ల చెప్పెను. ఆమె మరణించి పదుమూడేండ్లు దాటినను అట్టి యుద్ధమేదియు రాలేదని ఆ కాలపు ప్రతివాది యొకడు వ్రాయగా, యుసేబియసు తన సంఘచరిత్రలో దానిని నిలిపెను. నాలుగవ శతాబ్దాంతమున క్రిసోస్టము అంతియొకయలో బోధించుచు, ఈ వరములు తన కాలమున జరుగకపోవుటచేతనే పౌలు మాటలు దుర్బోధములైనవని చెప్పెను. అగస్టీనో, తొలుత అద్భుతములు నిలిచిపోయెనన్నట్లు వ్రాసియు, దైవనగరమను గ్రంథపు చివరి భాగమున తన సీమలో జరిగిన స్వస్థతలను వర్ణించెను. కావున ప్రాచీనుల సాక్ష్యము ఏకముఖముగా లేదు.

ఆధునిక కాలపు సాక్ష్యము మఱింత బోధకరము. 1831లో లండను నగరమున ఎడ్వర్డు ఇర్వింగు సంఘమున అన్యభాషలును ప్రవచనములును బయలుదేరెను. అందు ప్రవచించినవారిలో రాబర్టు బాక్స్టరు అను న్యాయవాది యొకడు. తన ప్రవచనములు కొన్ని తప్పుటను, ఇర్వింగు సిద్ధాంతము శాస్త్రమునకు విరుద్ధముగా తోచుటను చూచి యాయన వెనుదీసి, 1833లో జరిగినదంతయు గ్రంథముగా ప్రకటించెను. తన్నావహించిన శక్తి మానవాతీతమని ఆయన నమ్మెను. దాని మూలము దైవము కాదని మాత్రము నిశ్చయించెను. అనుభవము ఎంత తీవ్రమైనను అది తన మూలమును తానే స్థాపింపజాలదని ఈ సాక్షి మనకు చెప్పుచున్నాడు. 1906లో లాస్ ఏంజెల్సు నగరపు అజూసా వీథి కూటములనుండి బయలుదేరిన ఆల్‌ఫ్రెడ్ గార్, తన నోట వచ్చినది వంగభాష యని నమ్మి కలకత్తా చేరెను. వంగీయులకు అది తెలియలేదు. పిమ్మట ఆయన హాంగ్‌కాంగులో చీనాభాషను గురుముఖమున నేర్వ నారంభించెను. 2020లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితమును దైవోక్తిగా ముందుచెప్పిన ప్రవక్తలు పలువురు తప్పిరి. 2021లో ఆ పక్షపు నాయకులే, బహిరంగముగా ప్రవచించి తప్పినవాడు బహిరంగముగా బాధ్యత వహింపవలెనని నియమములు వ్రాసి ప్రకటించిరి.

ఇట్లని వరములను నమ్మువారినందఱిని త్రోసివేయుట న్యాయము కాదు. అజూసా వీథి కూటములకు నాయకుడైన విలియం సేమూరు, దాస్యవిముక్తులైన తలిదండ్రులకు పుట్టిన నీగ్రో బోధకుడు. జాతిభేదము చట్టముగా నున్న ఆ దినములలో నల్లవారును తెల్లవారును అచ్చట ఒక్క పలకమీద మోకరిల్లిరి. మన దేశమున పూనాకు సమీపమైన కేడ్‌గామునందలి పండిత రమాబాయి ముక్తిసదనమున 1905లో ప్రార్థనోద్రేకము కలిగి, వితంతువులును అనాథబాలికలును నోరు విప్పి ప్రార్థించిరి. భాషలు పలుకుట అందఱికిని ఆవశ్యకమైన గుఱుతని రమాబాయి పట్టుపట్టలేదు. నోరులేనివారికి నోరు వచ్చుట యోవేలు వాక్యమునకు దగ్గఱ గానే యున్నదని ఎవరైన ననిన, మేము కాదనజాలము.

అయితే ఒక్క చిక్కు మిగులుచున్నది. ప్రవక్త పలికినది జరుగకపోయిన అది దేవుడు పలికినది కాదని ద్వితీయోపదేశకాండపు 18వ యధ్యాయము నిర్ణయించెను. నేటి ప్రవచనములు తప్పుచుండుటను చూచి వేన్ గ్రూడెం మొదలగు పండితులు, క్రొత్త నిబంధనలోని సంఘ ప్రవచనము ప్రాచీన ప్రవక్తల వాక్యము వంటిది కాదనియు, అందు పొరపాటునకు తావుండుననియు చెప్పిరి. తప్పగలదన్నచో దానికి ఆజ్ఞాధికారము పోవును. ఆజ్ఞాధికారము కావలెనన్నచో తప్పరాదు. ఈ రెంటిని ఒక్కచోట కోరువాడే ప్రజలకు హానికరుడు.

మా నిర్ణయ మిది. వరములు నిలిచిపోయెనని పౌలు వాక్యముచేత స్థాపింపబడలేదు. ప్రతి చాటింపును వరమే యని నమ్ముటకును ఆ వాక్యము చోటియ్యదు. విమర్శింపుడని యాజ్ఞాపించినవాడు ఆ పౌలే. చెప్పినది జరిగెనా? చెప్పినవాడు దానివలన ధనమునో అధికారమునో పొందుచున్నాడా? తప్పినప్పుడు ఒప్పుకొనుచున్నాడా? అతని మాటవలన రోగి వైద్యునికి దూరమగుచున్నాడా, దీనుడు తల యెత్తుచున్నాడా? ఈ ప్రశ్నలకు జంకువాని ప్రవచనమును ఏ మతస్థుడును అంగీకరింప పనిలేదు. నిజమైన వరము పరీక్షవలన కుందదు. కల్లవరము పరీక్ష లేనిచోటనే వర్ధిల్లును.