తుంటి కీలు మార్చాక ఇంట్లో ఎలా ఉండాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తుంటి మార్పిడి గురించే. రాసినవాళ్లలో రోగులకన్నా వాళ్లను చూసుకుంటున్న కోడళ్లు, కొడుకులు, భార్యలే ఎక్కువ. అది సహజమే. ఆపరేషన్ ఒకటి రెండు గంటల్లో ముగుస్తుంది, కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపించేస్తారు. ఆ తర్వాత మూడు నెలలు ఆ కీలు మంచిచెడ్డలు ఇంట్లోవాళ్లవే. అక్కడ నేను తరచూ చూసే పొరపాట్లు రెండు. భయంతో మనిషిని మంచానికే పరిమితం చేయడం ఒకటి. నాలుగడుగులు బాగా వేశారు కదా అని పీట వేసి కూర్చోబెట్టడం రెండోది. బాగా నడవాలి, కిందికి మాత్రం కూర్చోకూడదు. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ అర్థమైతే సగం ఇబ్బందులు రావు.

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తగారి వయసు 66. తుంటి బాగా అరిగిపోయిందని వచ్చే నెలలో మార్పిడికి తేదీ ఇచ్చారు. మాది పాత ఇల్లు. గడపలు ఎత్తు, మరుగుదొడ్డి పాతకాలందే. ఇంట్లో ముందుగా ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆపరేషన్‌కు ముందే అడిగారు, చాలా సంతోషం. చాలా ఇళ్లలో కమోడ్ సంగతి డిశ్చార్జ్ రోజు సాయంత్రం గుర్తొస్తుంది.

ముందు కారణం చెబుతాను. అది తెలిస్తే మిగతా జాగ్రత్తలు మీకే తడతాయి. తుంటి కీలంటే గిన్నెలో తిరిగే బంతి. అరిగిన బంతి తీసేసి తొడ ఎముకలోకి దింపిన లోహపు కాడ మీద కొత్త బంతిని, కటి ఎముకలో కొత్త గిన్నెను అమరుస్తారు. ఆ పని చేయడానికి కీలు చుట్టూ ఉండే పొరను, కొన్ని కండరాలను కోయాల్సి వస్తుంది. అవి అతుక్కుని గట్టిపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా మోకాలు తుంటికన్నా పైకి వచ్చేలా వంగినా, కాలు మీద కాలు వేసుకున్నా, పాదం లోపలికి మెలిపడినా బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు. అది అరుదే. కానీ జారితే మళ్లీ ఆసుపత్రికి వెళ్లి మత్తు తీసుకుని సరిచేయించుకోవాలి. ఇవి తుంటి వెనకవైపు నుంచి కోసి చేసే ఆపరేషన్‌కు చెప్పే జాగ్రత్తలు. ముందువైపు నుంచి చేస్తే నియమాలు వేరు, కాబట్టి ఎటునుంచి చేశారో సర్జన్ని అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. అన్నిటికన్నా ముందు కుర్చీ. చేతులున్నది, గట్టిది, ఆవిడ కూర్చుంటే మోకాళ్లకన్నా తుంటి కొంచెం ఎత్తులో ఉండేది కావాలి. ఆవిడనే ఇప్పుడు కూర్చోబెట్టి పక్కనుంచి చూడండి, తెలిసిపోతుంది. సోఫా వద్దు, మనిషి లోపలికి కూరుకుపోతారు. నులకమంచం, నవ్వారు మంచం కూడా అందుకే వద్దు. బల్లమంచం మీద గట్టి పరుపు వేయండి. మంచం ఎత్తు చాలకపోతే కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించండి. అవి కదలకుండా ఉండాలి.

కూర్చునే పద్ధతి ఆపరేషన్‌కు ముందే నేర్పించండి. వాకర్ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ కుర్చీ అంచు పిక్కలకు తగిలేదాకా రావాలి. ఆపరేషన్ అయిన కాలిని ఒక అడుగు ముందుకు జరపాలి. వాకర్ వదిలి ఒక్కో చేయీ కుర్చీ చేతుల మీద వేసి, నడుం ముందుకు వంచకుండా మెల్లగా దిగాలి. లేచేటప్పుడు ముందు కుర్చీ అంచుకు జరగాలి, ఆ కాలు చాపాలి, చేతుల బలంతో లేవాలి. వాకర్ పట్టుకుని లాగుతూ లేవకూడదు, అది మీదికి పడుతుంది. ఇప్పుడు పదిసార్లు చేయిస్తే ఆరోజు నొప్పిలో కూడా ఒంటికి గుర్తుంటుంది.

మరుగుదొడ్డి విషయంలో రాజీ పడకండి. గొంతుక్కూర్చోవడం కుదరదు. పాత దొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ సర్జికల్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. కమోడ్ ఉన్నవాళ్లు కూడా దాని మీద నాలుగంగుళాల ఎత్తు పెంచే సీటు బిగించుకోవాలి. పక్క గోడకు పట్టుకునే రాడ్డు మేస్త్రీతో వేయించండి. తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువు ఆపదు. బాత్రూంలో రబ్బరు మ్యాట్ వేయండి. గడపల దగ్గర చిన్న చెక్క వాలు ఏర్పాటు చేస్తే వాకర్ గడపకు తగలదు. కాళ్లు తుడుచుకునే పట్టాలు, నేలమీద పాకే ఫ్యాను వైర్లు మూడు నెలలపాటు తీసేయండి. రాత్రి బాత్రూం దారిలో లైటు వేసే ఉంచండి.

పూజ నిలబడి గానీ కుర్చీలో కూర్చుని గానీ చేసుకోమనండి. దీపం కుంది ఎత్తు బల్ల మీదికి మార్చండి. అత్తగారు పాతికేళ్లుగా పీట మీద కూర్చుని చేసిన పూజ అని మీరు మొహమాటపడతారు. కానీ ఈ మాట ఆవిడకు ఇంట్లో మనుషులు చెప్పాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. పొలంగట్టు మీద జారిపడి తుంటి విరిగితే కీలు మార్చారు. ఇంటికొచ్చి పదిరోజులైంది. పప్పు, వంకాయ, గుడ్డు పెడితే కుట్లకు చీము పడుతుందని మా పెద్దమ్మ పత్యం పెట్టింది. మజ్జిగన్నం, చారు మాత్రమే ఇస్తున్నారు. మనిషి నీరసపడిపోయారు. పుత్తూరు వెళ్లి కట్టు కూడా కట్టించుకొస్తే ఎముక త్వరగా అతుకుతుందని ఇంకొందరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: పప్పు తింటే చీము పట్టదు. గాయంలోకి సూక్ష్మజీవులు చేరితే చీము పడుతుంది. తిండి తక్కువైతే వాటితో పోరాడే శక్తి తగ్గుతుంది, కాబట్టి పత్యం చేస్తున్నది కీడే. ఈ రోజునుంచే రెండు పూటలా గట్టి పప్పు, రోజూ గుడ్డు, పాలు, పెరుగు పెట్టండి. అలవాటుంటే చేప, కోడి పెట్టండి. కోసిన కండరం అతకాలన్నా, నడిచే బలం రావాలన్నా మాంసకృత్తులు కావాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టరును అడగండి. షుగరుంటే తరచూ పరీక్ష చేసి అదుపులో పెట్టండి. గాయం మానడాన్ని ఆలస్యం చేసేది, ఇన్ఫెక్షన్‌ను పిలిచేది అదుపు తప్పిన షుగరే. పెద్దమ్మగారి ప్రేమను కాదనకండి, ఆవిడ చేతే పప్పు వండించండి.

కొందరికి ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది. నీళ్లు, ఆకుకూరలు, పళ్లు ఎక్కువగా ఇవ్వండి. ముక్కాల్సి వస్తోందంటే మందు అడగండి.

కట్టు సంగతి. మీ నాన్నగారికి విరిగిన భాగం తీసేసి కొత్త కీలు పెట్టారు, ఇక అక్కడ అతకాల్సిన ఎముక లేదు. కట్టు కట్టడానికి కాలు లాగినా, తిప్పినా కీలు జారవచ్చు. నూనె పెట్టి తోమడం కూడా వద్దు. ఈ విషయంలో నాది ఖచ్చితమైన మాట.

ఒక్క సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. నిలుచున్న ఎత్తు నుంచి పడితే తుంటి విరిగిందంటే ఎముకే గుల్లబారి ఉండొచ్చు. రెండో తుంటి కూడా విరిగే ప్రమాదం అలాంటివాళ్లకు ఎక్కువ. కీలు మార్చడంతో వైద్యం అయిపోయిందనుకోకండి. ఎముకల బలానికి విటమిన్ డి, కాల్షియంతోపాటు ఇంకేం మందు వాడాలో తర్వాతిసారి వెళ్లినప్పుడు అడగండి. చూపు, బీపీ మాత్రల వల్ల వచ్చే తూలుడు కూడా చూపించండి. ఆయన ఎందుకు పడ్డారో తెలుసుకోవాలి.

ప్రశ్న: నా వయసు 41. తుంటి బంతికి రక్తం అందక కుళ్లిపోయిందని కీలు మార్చారు. మూడు వారాలైంది. వాకర్ ఎప్పుడు వదలొచ్చు? మేడ మీద ఇల్లు, మెట్లెక్కొచ్చా? బండి ఎప్పుడు నడపొచ్చు? ఈ కీలు ఎన్నేళ్లు వస్తుంది?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీ వయసువాళ్లలో తుంటి మార్పిడికి మన దగ్గర పెద్ద కారణం ఈ జబ్బే. మద్యం, చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు, సికిల్ సెల్ వ్యాధి, పాత దెబ్బలు దీనికి దారితీస్తాయి. చాలామందికి రెండో తుంటికి కూడా వస్తుంది. తొలిదశలో కనిపెడితే కాపాడుకునే అవకాశం ఉంటుంది కాబట్టి అటువైపు ఎమ్మారై తీయించారో లేదో కాగితాల్లో చూసుకోండి. మద్యం అలవాటుంటే మానేయండి, తగ్గించడం చాలదు.

వాకర్ వదలడానికి తేదీ ఉండదు, నడక తీరును బట్టి ఉంటుంది. సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల మధ్య చేతికర్రకు మారతారు. కర్ర ఆపరేషన్ అయిన కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో ఉండాలి. దీన్ని తారుమారుగా పట్టుకునేవాళ్లే ఎక్కువ. నడుస్తుంటే నడుం పక్కకు ఒరుగుతోందంటే పిరుదు కండరానికి ఇంకా బలం రాలేదన్నమాట. అప్పుడు కర్ర వదలకండి, కాలిని పక్కకు జరిపే వ్యాయామం పెంచండి. మంచం మీద వెల్లకిలా పడుకుని పాదం వేళ్లు పైకి చూస్తుండగా కాలిని పక్కకు జరిపి మళ్లీ తీసుకురావాలి, నడిరేఖ దాటకూడదు. దీనితోపాటు పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, తొడ బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం, పిరుదులు బిగించడం రోజుకు మూడు నాలుగుసార్లు చేయండి. ఒకేసారి గంట నడిచి రెండు రోజులు పడుకోవడం కన్నా పూటకు రెండుసార్లు పది నిమిషాల నడక మేలు.

మెట్లెక్కొచ్చు. పైకి వెళ్లేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, ఆపరేషన్ కాలు. ఒక చేయి రైలింగ్ మీదే ఉండాలి. కారు నడపడానికి కనీసం ఆరు వారాలు ఆగాలి, గట్టిగా బ్రేకు తొక్కగలిగితేనే. మోటార్ సైకిల్ మీద కాలు తిప్పి ఎక్కాలి, ఆగినప్పుడు ఒంటికాలి మీద బండి మోయాలి. మూడు నెలలయ్యాక సర్జన్ చూసి సరేనంటేనే ముట్టుకోండి. అప్పుడు కూడా కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం వద్దనే నా సలహా. కొత్త రకం కీళ్లతో కొందరు సర్జన్లు అనుమతిస్తున్నారు. మీ సర్జన్ మీ ఎక్స్‌రే చూసి చెబితే అది వేరు.

ఇక కీలు ఎన్నేళ్లు వస్తుందన్న ప్రశ్న. ఇంగ్లండులోని రైటింగ్‌టన్‌లో సర్జన్ జాన్ చార్న్‌లీ 1962లో మొదలుపెట్టిన పద్ధతే నేటి తుంటి మార్పిడికి పునాది. ఏళ్ల తరబడి పోగైన లెక్కలను పరిశీలించి 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం పాతికేళ్లు దాటినా సుమారు 58 శాతం కీళ్లు పనిచేస్తూనే ఉన్నాయి. మీ వయసుకు ఎప్పుడో ఒకసారి మళ్లీ మార్చాల్సి రావచ్చు. బరువు పెరగకుండా చూసుకోవడం, ఎగిరి దూకే ఆటలు మానడం మీ చేతిలో ఉన్నవి.

ప్రశ్న: తుంటి మార్చి నెల కాలేదు. కొత్త కాలు పొడుగైనట్టు, నడుస్తుంటే తూలినట్టు అనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఏళ్ల తరబడి అరిగి కురచైన కాలు మామూలు పొడుగుకు వచ్చినప్పుడు చాలామందికి అలాగే ఉంటుంది. నడుం, కటి కండరాలు సర్దుకునే కొద్దీ తగ్గుతుంది. మూడు నెలలదాకా చెప్పుకు ఎత్తు వేయించకండి. అప్పటికీ తేడా ఉంటే కొలత తీయించండి. అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చి కాలు కురచై, పాదం తిరిగిపోయి, అడుగు వేయలేకపోతే మాత్రం కీలు జారినట్టే. అప్పుడు కాలు లాగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: పేరు, ఊరు వద్దండీ. దాంపత్య జీవితం గురించి డాక్టరును అడగలేకపోయాం.

జవాబు: అడగాల్సిన ప్రశ్నే. గాయం మాని, నొప్పి తగ్గాక, సాధారణంగా ఆరు వారాల తర్వాత ఇబ్బంది లేదు. మొదట్లో ఆపరేషన్ అయినవారు వెల్లకిలా ఉండటం క్షేమం. తుంటి బాగా వంగే, కాలు లోపలికి మెలిపడే భంగిమలు వద్దు.

ప్రశ్న: మా అమ్మకు హైదరాబాద్‌లో తుంటి మార్చారు. నేను డల్లాస్‌లో ఉంటాను. ఎప్పుడు తీసుకురావచ్చు?
– ఒక పాఠకుడు

జవాబు: మూడు నెలలు ఆగండి. విమానంలో అంతసేపు కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. వచ్చేటప్పుడు నడవా పక్క సీటు తీసుకోండి. గంటకోసారి లేచి నడవమనండి. విమానాశ్రయంలో యంత్రం మోగవచ్చు, డిశ్చార్జ్ కాగితం చేతిసంచిలో ఉంచమనండి.

ప్రశ్న: మావారికి ఆపరేషనై రెండు వారాలైంది. కాలు వాచింది, తొడ దగ్గర నల్లగా కమిలింది. ఇది మామూలేనా? పొట్ట మీద పొడిచే ఇంజెక్షన్లు ఖరీదు, నడుస్తున్నారు కదా మానేయొచ్చా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: మానేయకండి. ఈ మందు ఇస్తున్నది నొప్పికి కాదు, రక్తం గడ్డకట్టకుండా. చాలామందికి నాలుగైదు వారాలు అవసరం. ఖరీదు భారమైతే డాక్టరుకు చెప్పండి, మాత్రల రూపంలో తక్కువ ధరకు దొరికేవి ఉన్నాయి. ఏది సరిపోతుందో ఆయనే మారుస్తారు. ఆ మందు వాడుతున్నప్పుడు మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకోకండి, కడుపులో రక్తస్రావం కావచ్చు.

సాయంత్రానికి పెరిగి, కాలు ఎత్తులో పెట్టి పడుకుంటే తగ్గే వాపు కొన్ని వారాలు ఉంటుంది. కమిలిన రంగు మోకాలిదాకా దిగడం కూడా మామూలే. తువ్వాలులో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. అయితే రాత్రంతా పడుకున్నా తగ్గని వాపు, పిక్కలో గట్టిగా నొప్పి ఉంటే అదేరోజు కాలికి డాప్లర్ స్కాన్ చేయించాలి. కుట్ల దగ్గర ఎరుపు పెరగడం, చీము లేదా ఆగని తడి, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం ఉంటే ఊళ్లో యాంటీబయాటిక్ వేయించుకోకుండా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఆ మందు లోపలి ఇన్ఫెక్షన్‌ను కొన్నాళ్లు దాచిపెడుతుంది, అసలు వైద్యం ఆలస్యమవుతుంది. గాయం మీద పసుపు, పౌడరు వద్దు.

ఒక్కసారిగా ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చినా, దగ్గితే రక్తం పడినా ఎవరి సలహా కోసమూ ఆగకండి. ముందు 108కి ఫోన్ చేయండి, డాక్టరుకు దారిలో చెప్పుకోవచ్చు.