రెండుసార్లు కట్టించిన అరుగు

మల్కాజిగిరిలో మా ఇంటి వెనక, మామిడిచెట్టు కింద ఒక చెక్క అరుగు ఉంది. 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్లింట్లో ఇలాంటిదాన్నే డెక్ అంటారు. 2017లో అక్కడున్న మూడు నెలలూ పొద్దుటి కాఫీ దాని మీదే తాగాం. తిరిగొచ్చాక మా ఆవిడ తనకూ అలాంటిది కావాలంది. కట్టించాను. ఏడాదిన్నరకే చెదలు తినేశాయి. మళ్లీ కట్టించాను. ఈ రెండోది ఐదు వానాకాలాలు చూసినా ఒక్క చెక్క కదల్లేదు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో 34 ఏళ్లు పనిచేశాను. చెక్క, ఇనుము నాకు కొత్త కాదు. అయినా మొదటిసారి దెబ్బతిన్నది మనిషిని ఎంచుకోవడంలోనే. ఇలాంటి పని చేయించుకోబోయే కుర్రవాళ్లు వచ్చి అడిగితే నేను చెప్పేవి ఇవి.

1. ఫోన్లో ఫొటోలు చూసి పని అప్పగించకండి.

మొదటి కాంట్రాక్టరు ఫోన్లో నలభై ఫొటోలు చూపించాడు. అవి ఎక్కడివో, ఎవరి ఇళ్లవో నేను అడగలేదు. రెండోసారి వచ్చిన మేస్త్రీ దగ్గర ఫొటోలే లేవు. "రాండ్రి సార్, చూపిస్త" అని నన్ను బండి మీద ఎక్కించుకుని సఫిల్‌గూడ తీసుకెళ్లాడు. ఐదేళ్ల కిందట తాను కట్టిన వసారా చూపించాడు. ఆయన్ని కాసేపు బయట ఉండమని, ఆ ఇంటావిడను నేను మూడే ప్రశ్నలు అడిగాను. వాన పడితే నీళ్లు నిలుస్తాయా? చెప్పిన రోజుకి పని పూర్తిచేశాడా? పని అయిపోయాక పిలిస్తే వచ్చాడా? మూడో ప్రశ్నకు ఆవిడ చెప్పిన జవాబుతోనే నేను ఖాయం చేసుకున్నాను. కొత్తగా కట్టిన పని ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది. కనీసం మూడు వానాకాలాలు దాటిన పని చూడాలి.

2. మాట అనుకున్న రోజే కాగితం మీద పెట్టండి.

న్యూజెర్సీలో ఇళ్ల మరమ్మతు పనులు చేసే కాంట్రాక్టరు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. పని 500 డాలర్లు దాటితే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని అక్కడి చట్టం. మా అల్లుడు ఆ కాగితాలు చూపించినప్పుడు ఇంత చిన్న పనికి ఇదంతా ఎందుకు అనుకున్నాను. ఇక్కడ మన మేస్త్రీకి లైసెన్సూ ఉండదు, రిజిస్ట్రేషనూ ఉండదు. అందుకే కాగితం అవసరం మనకే ఎక్కువ.

మొదటి కాంట్రాక్టరుతో "టేకు" అని మాత్రం అనుకున్నాం. ఆయన తెచ్చింది టేకే. కానీ చేవ కాదు. చేవ చుట్టూ ఉండే తెల్లటి పొర అందులో సగానికి పైగా ఉంది. చెద పట్టేది దాన్నే. రెండోసారి ఒక తెల్ల కాగితం మీద తెలుగులోనే రాసుకున్నాం: చేవ టేకు, మందం ఇంత, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, కింద ఇనుప బాక్సు పైపుల చట్రం, దానికి రెండు పూతల రెడాక్సైడు, పని మొదలయ్యే తేదీ, పూర్తయ్యే తేదీ. మిగిలిన మట్టి, తుక్కు ఎవరు ఎత్తించాలో కూడా రాసుకున్నాం. ఎక్కువ గొడవలు వచ్చేది ఆ తుక్కు దగ్గరే. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.

3. డబ్బు పని వెనకే నడవాలి, పని కంటే ముందు నడవకూడదు.

మొదటిసారి మొత్తంలో సగం, 60 వేలు, అడ్వాన్సుగా ఇచ్చేశాను. 2018 ఆషాఢంలో పని మొదలైంది. లష్కర్ బోనాల ముందు వారం, నాలుగు రోజుల్లో వస్తామని చెప్పి అందరూ వెళ్లారు. నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. వేరేచోట ఇంకో అడ్వాన్సు తీసుకుని అక్కడ పని మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది. చేతిలో సగం డబ్బు పడ్డాక నా పని గురించి ఆయనకు తొందరేముంటుంది? చివరికి వచ్చి, వానలో తడిసి ఉబ్బిన చెక్కల్ని అలాగే మట్టి మీద పరిచి పోయాడు.

రెండోసారి లేబర్ కాంట్రాక్టు ఇచ్చాను. సామాను నేనే కొన్నాను. టింబర్ డిపోకు మేస్త్రీని వెంట తీసుకెళ్లాను, ఇనుప సామాను రాణిగంజ్‌లో తీసుకున్నాను. కూలి మొత్తంలో పదో వంతు అడ్వాన్సు. పునాది దిమ్మెలు అయ్యాక ఒక భాగం, చట్రం నిలబడ్డాక ఒక భాగం, చెక్కలు బిగించాక ఇంకో భాగం. చివరి పదో వంతు, గొట్టంతో అరగంట నీళ్లు పోసి చూశాక.

ఇందులో రెండో వైపు కూడా ఉంది, దాన్ని చాలామంది ఇంటివాళ్లు మరిచిపోతారు. మేస్త్రీ నాతో ఒక మాట అన్నాడు. "సార్, శనివారం నా చేతిల పైసలు పడితెనే సోమవారం పిల్లలు పనికొస్తరు. మీరు ఆపితే వాళ్లు ఇంకో సైటు చూసుకుంటరు." ఆయన పనివాళ్లు పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. వారం కూలితోనే వాళ్ల వారం గడవాలి. అనుకున్న పని అయిన రోజు సాయంత్రమే డబ్బు ఇవ్వండి. బ్యాంకు సెలవు, రేపు చూద్దాం అని తిప్పకండి. నమ్మకమైన మేస్త్రీ కావాలనుకునేవాళ్లు ముందు నమ్మకమైన ఇంటివాళ్లు కావాలి.

4. నేల, నీళ్లు, వాటం. ఈ మూడూ తెలియనివాడికి చెక్కపని ఇవ్వకండి.

2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజే దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి ఊరు మనది. చెక్క మట్టిని తాకకూడదు. కింద కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద చట్రం, చట్రం మీద చెక్కలు ఉండాలి. చెక్కకీ చెక్కకీ మధ్య చిన్న సందు ఉండాలి, నీళ్లు దిగాలి, చెక్క ఉబ్బినా చోటుండాలి. కింది నేల వాటం ఇంటి వైపు కాకుండా బయటికి ఉండాలి. పది అడుగులకు అంగుళంన్నర వాటం పెట్టి, మా మేస్త్రీ రసమట్టంతో నాకే చూపించాడు. దిమ్మెలకు నీళ్లు కొట్టడం కూడా ముఖ్యమే. మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 10 రోజులు తడి ఆరనివ్వకూడదు. ఈ పని పనివాళ్లకు వదలకుండా పూట పూటా నేనే చేశాను.

ఇక కాలం. దసరా దాటాక మొదలుపెట్టండి. మేం 2020 నవంబరులో మొదలుపెట్టాం.

5. మీ ఇల్లు ఎవరి పరిధిలో ఉందో ముందే కనుక్కోండి. సికింద్రాబాద్‌లో కొన్ని కాలనీలు మున్సిపల్ కార్పొరేషన్ కింద, బోయిన్‌పల్లి, తిరుమలగిరి వైపు చాలా చోట్లు కంటోన్మెంటు బోర్డు కింద ఉన్నాయి. ఎవరి నిబంధనలు వాళ్లవి. అరుగు మీద కప్పు కూడా వేయాలనుకుంటే ముందు ఆ ఆఫీసులో అడిగి రండి.

6. ఇంట్లో ఒక్కరే మాట్లాడాలి. పొద్దున నేనొకటి, మధ్యాహ్నం మా అబ్బాయి ఫోన్లో ఇంకొకటి చెబితే తప్పు మేస్త్రీది కాదు. మధ్యలో మా ఆవిడ రెండు మెట్లు కలపమంది. వాటికి ఎంతవుతుందో అప్పుడే అడిగి అదే కాగితం మీద రాసి, మళ్లీ ఇద్దరం సంతకం చేశాం. పని జరిగేటప్పుడు దగ్గరే ఉండండి, పదకొండింటికి టీ ఇవ్వండి. అయితే తాపీ పట్టుకున్నవాడి తల మీద మాత్రం నిలబడకండి.

7. రసీదులు దాచండి.

ఇంటి నిర్మాణం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవే. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు. ముందు సలహా కావాలంటే 1915కు ఫోన్ చేయవచ్చు. నా మొదటి అరుగు విషయంలో నేను వెళ్లలేకపోయాను. 60 వేలు చేతికిచ్చాను, రసీదు తీసుకోలేదు, ఒప్పందం రాసుకోలేదు. చూపించడానికి నా దగ్గర చెదలు తిన్న చెక్కలు తప్ప ఏమీ లేవు.

రెండో మేస్త్రీ ఇప్పటికీ ప్రతి మే నెలాఖరులో, వానలు రాకముందే వస్తాడు. స్క్రూలు బిగించి, చెక్కలకు నూనె పట్టించి, ఒక రోజు కూలి తీసుకుని వెళ్తాడు. మా వీధిలో ఇంకో మూడిళ్ల పని ఆయనే చేశాడు.