ఏ ప్రవేశ పరీక్షకుఁ బోవలెను?

పదవ తరగతి ముగియుచుండగా మన బాలబాలికలను, వారి తలిదండ్రులను ఒక ప్రశ్న కలఁతపెట్టుచుండును. ముందుముందు ఏ పరీక్ష వ్రాసినచో మంచి కళాశాలలో సీటు దొరకును? పొరుగింటి బిడ్డ వ్రాయుచున్నాఁడని తామును వ్రాయుట, కనఁబడిన పరీక్షకెల్ల రుసుము కట్టుట మేము తఱచుగాఁ జూచుచున్నాము. వేట సాగని దినములలోను, రొయ్యల గుంట నష్టపడిన యేఁటను అప్పుచేసి కట్టెడు సొమ్మది. కావున నీ విషయమును నిదానముగా విచారింతము.

మన రాష్ట్రమున 1986లో ఎంసెట్ ఆరంభమయ్యెను. ఇంజనీరింగునకును వైద్యమునకును అదియే ద్వారముగా నుండెను. 2017 నుండి వైద్యవిద్య అఖిలభారత పరీక్షయగు నీట్ క్రిందికిఁ బోయెను. 2021లో రాష్ట్రపరీక్షకు ఈఏపీసెట్ అను పేరు వచ్చెను. ఇట్లు ద్వారములు వేఱయ్యెను. ఏ ద్వారము ఎచ్చటికిఁ గొనిపోవునో యెఱుఁగుటయే మొదటి పాఠము.

తాడేపల్లిగూడెమునందలి ఎన్.ఐ.టి.లోఁ జేరఁగోరువాఁడు జేఈఈ మెయిన్ వ్రాయవలెను. అందు సగము సీట్లు మన రాష్ట్రమువారికే కేటాయింపఁబడినవి. తిరుపతి ఐ.ఐ.టి. కోరువాఁడు ఆపైని అడ్వాన్స్‌డ్ పరీక్షయు నెగ్గవలెను. నెల్లూరి ప్రభుత్వ వైద్యకళాశాలకు నీట్ వలయును. అది వ్రాసిన పిదప రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు వేఱుగ దరఖాస్తు పెట్టుకొనుట మఱవరాదు.

తీరగ్రామపు బాలిక యొకతె బైపీసీ చదివి, ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలోఁ జేరఁగోరెననుకొందము. ఆమెకు వలసినది ఈఏపీసెట్ ర్యాంకు. నీట్‌లో ఎన్ని మార్కులు వచ్చినను ఆ ర్యాంకునకు బదులు కావు. ఇది తెలియక ఈఏపీసెట్ దరఖాస్తు గడువు దాటనిచ్చినచో ఒక సంవత్సరము వ్యర్థమగును.

రెండవ పాఠము పరీక్షల తీరు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు. తప్పునకు మార్కు తగ్గింపరు, కావున ఏ ప్రశ్నను విడువరాదు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పునకు 4 మార్కులు వచ్చును, తప్పునకు 1 పోవును. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు. అందును తప్పునకుఁ గోఁత కలదు. ఇది జనవరిలోను ఏప్రిలులోను జరుగును. రెండును వ్రాసినవానికి మేలైన ఫలితమే ర్యాంకునకు లెక్కింతురు. కావున జనవరిలోఁ దక్కువ వచ్చినవాఁడు నిరాశపడఁ బనిలేదు.

మూఁడవది భాష. ఈ మూఁడు పరీక్షలలోను తెలుఁగు ప్రశ్నపత్రము దొరకును, గాని దరఖాస్తునందే కోరుకొనవలెను. అడ్వాన్స్‌డ్ మాత్రము ఇంగ్లీషు, హిందీలలోనే జరుగును. తెలుఁగు మాధ్యమమునఁ జదివినవారు దీనిని ముందుగనే గమనించి సిద్ధపడవలెను.

తలిదండ్రులారా, రుసుము కట్టుటకు ముందు బిడ్డను చెంతఁ గూర్చుండఁబెట్టుకొని ఒక కాగితముపై మూఁడు మాటలు వ్రాయించుఁడు: కోరిన చదువు, అది యున్న కళాశాల, ఆ కళాశాల యడుగు పరీక్ష. ఆ పరీక్షను ప్రధానముగా నెంచి, అదే పాఠ్యభాగముతో వ్రాయఁదగిన మఱియొక దానిని తోడుగా నుంచుకొనుఁడు. ఎంపీసీవారికి జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ అట్టి జంట. బైపీసీవారికి నీట్, ఈఏపీసెట్. అంతకు మించినవాటికిఁ బరుగెత్తి ఏ యొక్కదానికిని జక్కగాఁ జదువకుండుటకంటె, రెండింటికి స్థిరముగాఁ జదువుట మేలు. సందేహము కలిగినచో మా యొద్దకు రండు. దరఖాస్తు గడువు ముగియక మునుపే రండు.