బడి పేరు నిలిపినవాళ్ళు

హైస్కూలుకు ఎప్పుడైనా వెళ్ళారా? ఈసారి వెళ్ళినప్పుడు హెడ్మాస్టరు గదిలో గోడ వైపు చూడండి. చాలా బళ్ళలో అక్కడ ఒక పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద వరసగా సంవత్సరాలు ఉంటాయి. ప్రతి సంవత్సరానికి పక్కన ఒక పేరు ఉంటుంది. ఆ ఏడు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న బిడ్డ పేరు అది.

ఒకప్పుడు ఆ బోర్డు మీద మీకు గీతలే కనిపించి ఉంటాయి. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఆ పేర్లు చదవండి. వాటిలో ఆడబిడ్డల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

కొన్ని బళ్ళలో పాత విద్యార్థుల సభ కూడా జరుగుతుంది. పైకొచ్చిన వాళ్ళను పిలుస్తారు. దండ వేస్తారు. శాలువా కప్పుతారు. అందరూ చప్పట్లు కొడతారు. ఈ మర్యాద ఎందుకు? డబ్బు సంపాదించినందుకా? కాదు. చదువుకొని తాము పైకొచ్చారు. ఆ చదువును పదిమందికీ పంచారు. అందుకే ఆ మర్యాద.

అలాంటి ఇద్దరి గురించి చదువుదాం. ఇద్దరూ మన సీమ బళ్ళలో చదివినవాళ్ళే.

చిత్తూరు బడి బిడ్డ

తడ నుంచి కాళహస్తి మీదుగా తిరుపతికి వెళతాం. ఇంకా పడమరకు పోతే చిత్తూరు వస్తుంది. చిత్తూరును ఆనుకొని కట్టమంచి ఉంది. 1880లో ఆ ఊళ్ళో రామలింగారెడ్డి పుట్టారు. ఆయన చిత్తూరు హైస్కూల్లో చదివారు. తర్వాత మద్రాసులో కాలేజీ చదువు చదివారు. అక్కడ స్కాలర్‌షిప్పు వచ్చింది. ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళారు. కేంబ్రిడ్జిలో చదివి తిరిగొచ్చారు.

ఆ రోజుల్లో తెలుగువాళ్ళ కాలేజీలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. విశ్వవిద్యాలయం అంటే కాలేజీలన్నింటికీ పెద్ద దిక్కు. పరీక్షలు పెట్టేది అదే. పట్టాలు ఇచ్చేది అదే. తెలుగువాళ్ళకు వేరుగా ఒక విశ్వవిద్యాలయం కావాలని పెద్దలు అడిగారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. దాన్ని నడిపించే మొదటి పెద్ద ఎవరు? కట్టమంచి రామలింగారెడ్డి. ఆ పదవిని ఉపాధ్యక్షుడు అంటారు.

1930లో దేశమంతా ఉప్పు సత్యాగ్రహం జరిగింది. తెల్లదొరల ప్రభుత్వం జనాన్ని లాఠీలతో కొట్టించింది. రామలింగారెడ్డి అది సహించలేదు. అంత పెద్ద పదవి వదులుకొని వచ్చేశారు. మళ్ళీ 1936లో అదే పదవికి వచ్చారు. 1949 వరకు ఉన్నారు.

తిరుపతి బడి బిడ్డ

మధ్యలో ఆ పదవిలో ఎవరున్నారు? ఆయన కూడా మన వైపు బడిలో చదివినవారే. ఆయన పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్.

సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఒక ఊరు. వాళ్ళ పెద్దలది ఆ ఊరు. రాధాకృష్ణన్ మాత్రం 1888లో తిరుత్తణిలో పుట్టారు. వాళ్ళది ఉన్న ఇల్లు కాదు. నాయన జమీందారు దగ్గర చిన్న ఉద్యోగి. ఎనిమిదేళ్ళ వయసులో బిడ్డను తిరుపతిలో మిషను బడికి పంపారు. 1896 నుంచి 1900 వరకు అక్కడ చదివాడు. తర్వాత వేలూరు, ఆపైన మద్రాసు. స్కాలర్‌షిప్పులే ఆ చదువును నిలబెట్టాయి.

ఆయన పెద్దయ్యాక అయ్యవారే అయ్యారు. మద్రాసు, మైసూరు, కలకత్తా కాలేజీల్లో పాఠాలు చెప్పారు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డులో కూడా చెప్పారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపారు. 1952లో దేశానికి ఉపరాష్ట్రపతి అయ్యారు. 1954లో భారతరత్న బిరుదు వచ్చింది. 1962లో రాష్ట్రపతి అయ్యారు.

ఆ ఏడు ఆయన పుట్టినరోజు చేస్తామని కొందరు వచ్చారు. నా పుట్టినరోజు వద్దు, ఆ రోజు అయ్యవార్లను గౌరవించండి అన్నారాయన. ఆయన పుట్టింది సెప్టెంబరు 5న. అందుకే ఆ రోజు బళ్ళలో గురుపూజ చేస్తారు. తనకు వేసే దండను ఆయన అయ్యవార్లందరికీ వేయించారు.

ఆయన చేసిన మేలు ఇంకొకటి ఉంది. అది ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. 1948లో ప్రభుత్వం పెద్ద చదువుల గురించి ఒక సంఘం వేసింది. దానికి రాధాకృష్ణన్ అధ్యక్షుడు. ఆడవాళ్ళకు చదువు లేకుండా దేశానికి చదువు రాదని ఆ సంఘం చెప్పింది. మగవాళ్ళకో ఆడవాళ్ళకో ఒకరికే చదువు చెప్పగలిగితే ఎవరికి చెప్పాలి? ఆడవాళ్ళకే చెప్పాలన్నది. ఎందుకంటే తల్లి చదువు బిడ్డలకు తప్పకుండా అందుతుంది.

ఆడబిడ్డల పేర్లు ఏవి?

ఇద్దరి కథ చదివాం. ఇద్దరూ మగవాళ్ళే. ఆ కాలంలో హైస్కూలు మెట్లెక్కిన ఆడబిడ్డలు చాలా తక్కువ. వాళ్ళకు తెలివి లేక కాదు. పంపినవాళ్ళు లేక. చిన్నప్పుడే పెళ్ళి చేసేవాళ్ళు. ఇంటి పని, చంటిబిడ్డల పని అప్పగించేవాళ్ళు.

అయినా కొందరు ఆడవాళ్ళు ఆగలేదు. దుర్గాబాయి అలాంటి మనిషి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఇంగ్లీషు చదువు వద్దని చిన్నప్పుడే బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. బయటికి వచ్చాక మళ్ళీ పుస్తకం పట్టారు. మెట్రిక్ పరీక్ష రాశారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. మన రామలింగారెడ్డి, రాధాకృష్ణన్ నడిపిన చోటే ఈమె చదివారు. ఆపైన మద్రాసులో లా చదివి లాయరు అయ్యారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు మానేసిన ఆడవాళ్ళను చేరదీసి పరీక్షలు రాయించారు. 1953లో ప్రభుత్వం సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టింది. దానికి ఆమె మొదటి అధ్యక్షురాలు. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళ కోసం 1958లో ఆ బోర్డు కొత్త తరగతులు మొదలుపెట్టింది. తక్కువ కాలంలో పాఠాలు చెప్పి పరీక్షకు పంపే తరగతులు అవి. 1971లో ఆమెకు నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం వచ్చింది. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది.

చూశారా! ఒక బడిలో వెలిగించిన దీపం ఎంత దూరం పోయిందో!

మన బిడ్డ పేరు

ఇప్పుడు మన ఊరి సంగతి చూద్దాం. తడ పక్కనే శ్రీసిటీ ఉంది. అక్కడి కంపెనీలకు రోజూ బస్సుల్లో ఆడబిడ్డలు పనికి పోతున్నారు. పనికి వెళితే ముందు అడిగేది చదువు కాగితమే. ఎదురుగా పులికాట్ సరస్సుకు అవతల శ్రీహరికోట ఉంది. అక్కడి నుంచి రాకెట్లు పైకి పోతాయి. ఆ పనిలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు కూడా ఒకప్పుడు పలక పట్టుకొని బడికి పోయినవాళ్ళే.

బిడ్డ పెద్దమనిషి అయిందని చదువు మాన్పించకండి. హైస్కూలు దూరమని ఇంట్లో పెట్టుకోకండి. అక్కచెల్లెళ్ళు నలుగురూ కలిస్తే నలుగురు బిడ్డలను జతగా పంపవచ్చు. దగ్గర బడి లేకపోతే కస్తూరిబా బాలికా విద్యాలయాలు ఉన్నాయి. అక్కడే ఉండి చదువుకోవచ్చు. తిండి, పుస్తకాలు ప్రభుత్వమే ఇస్తుంది.

మీరు కూడా చదువు ఇక్కడితో ఆపనక్కర లేదు. సార్వత్రిక పాఠశాల ఉంది. ఓపెన్ స్కూలు అంటారు దాన్ని. వయసు పెరిగినవాళ్ళు కూడా అందులో చేరి పదో తరగతి పరీక్ష రాయవచ్చు. దుర్గాబాయి కూడా ఆగిన చదువును మళ్ళీ అందుకున్నవారే.

బిడ్డ మార్కుల కార్డు ఇంటికి తెస్తే ఇక వేలిముద్ర వద్దు. ముందు మీరు చదవండి. ఎన్ని రోజులు బడికి పోయిందో చూడండి. తర్వాత సంతకం చేయండి. ఆ సంతకం కూడా బిడ్డ చదువుకు ఒక అండ.

బడి గోడ మీది బోర్డులో కింద ఇంకా ఖాళీ ఉంది. అక్కడ ఎవరి పేరు రాయాలి?

ఆలోచించి చెప్పండి

1. పాత విద్యార్థులకు బడిలో ఎందుకు మర్యాద చేస్తారు?
2. రామలింగారెడ్డి 1930లో పదవి ఎందుకు వదులుకున్నారు?
3. సెప్టెంబరు 5న అయ్యవార్లకు ఎందుకు పూజ చేస్తారు?
4. ఒకరికే చదువు చెప్పగలిగితే ఆడవాళ్ళకు చెప్పాలని ఎందుకన్నారు?
5. మీ వీధిలో బడి మానేసిన ఆడబిడ్డలు ఎందరు? వాళ్ళ పేర్లు రాయండి. మళ్ళీ బడికి పంపడానికి ఏం చేయాలో అందరూ కూర్చొని మాట్లాడుకోండి.