ఆకులు రాలు కాలము, హేలోవీన్ సాయంకాలము: విశ్వాసి యెట్లు చూడవలెను?

పఠన భాగములు: ద్వితీయోపదేశకాండము 18:9–14; 1 కొరింథీయులకు 10:23–33; హెబ్రీయులకు 12:1



నేడు మన పల్లె సంఘములలో అనేక కుటుంబములకు అమెరికాలో బిడ్డలున్నారు. అక్టోబరు నెల రాగానే డల్లాస్ నుండియో న్యూజెర్సీ నుండియో ఫోనులో ఫొటోలు వచ్చును. గుమ్మము ముందు కన్నులు, పండ్లు చెక్కిన గుమ్మడికాయ. దాని ప్రక్కన అస్థిపంజరపు వేషము వేసికొని నవ్వుచున్న మనుమడు! అది చూచిన అవ్వకు నిద్రపట్టదు. “అయ్యగారూ, మా పిల్లలు దయ్యాలకు పండుగ చేస్తున్నారా?” అని అడుగుదురు. ఇంటిముందు గుమ్మడికాయ కట్టుట దిష్టి కొరకేనని యెరిగిన మనకు ఆ భయము సహజమే. అయినను తీర్పు తీర్చుటకు ముందు సంగతి తెలిసికొనవలెను.

మొదట ఆ ఋతువును గూర్చి. సెప్టెంబరు చివర నుండి అక్కడ పగలు తగ్గి చలి మొదలగును. చెట్ల ఆకులలోని పచ్చదనము క్రమముగా పోగా, అంతవరకు మరుగైయున్న పసుపు బయలుపడును. మాపుల్ వంటి చెట్లలో కనబడు ఎరుపు మాత్రము ఆ దినములలోనే ఆకు క్రొత్తగా చేసికొనునది. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ కొండలలో ఈ రంగులు చూచుటకు వారాంతమున జనులు ప్రయాణమై పోవుదురు. కుటుంబములు ఆపిల్ తోటలకు పోయి తామే కాయలు కోసికొందురు. గడ్డి పరచిన బండ్లెక్కి పొలము చుట్టివత్తురు. మొక్కజొన్న చేనిలో తీసిన వంకర దారులలో పిల్లలు ఆడుకొందురు. ఇందులో దోషమేమున్నది? మన కోత పండుగకు వరి కంకులు, అరటి గెలలు, గుమ్మడికాయలు గుడికి తెచ్చి వేలము వేయుట లేదా? ఆదివారపు ఆరాధన మాని తోటలకు పోవుట వేరు సంగతి. తోటకు శనివారము చాలును.

ఇక హేలోవీన్. ఆ పేరు సంఘములో పుట్టినదే. సర్వపరిశుద్ధుల దినమునకు ముందటి సాయంకాలమని దాని అర్థము. నవంబరు 1న పరిశుద్ధులను జ్ఞాపకము చేసికొను ఆచారము 8వ శతాబ్దములో మూడవ గ్రెగొరీ పోపు కాలమున రోములో కనబడును. 9వ శతాబ్దములో అది పశ్చిమ ఐరోపాలో వ్యాపించెను. ఐర్లండులో అదే సమయమున వేసవి ముగింపు పండుగ యుండెను. ఆ రాత్రి ఆత్మలు తిరుగునను నమ్మకము దానితో కూడియుండెను. కాలక్రమమున రెండును కలిసిపోయినవి. ఇంగ్లండులో బీదలు ఇంటింటికి పోయి, మృతుల కొరకు ప్రార్థింతుమని చెప్పి చిన్న రొట్టెలు పుచ్చుకొనెడివారు. మృతుల కొరకు పాపపరిహార పత్రములు అమ్ముటను ఖండించుచు లూథరు తన 95 వాదములను 1517 అక్టోబరు 31న, అనగా ఈ సాయంకాలముననే, వెలువరించెను. లూథరన్ సంఘములవారు దానిని సంస్కరణ దినముగా ఆచరింతురు.

ఐర్లండు, స్కాట్లండులలో టర్నిప్ దుంపలు తొలిచి లోపల దీపము పెట్టెడివారు. 1840ల కరవులో ఐర్లండువారు విస్తారముగా అమెరికాకు వలసపోయిరి. అక్కడ గుమ్మడికాయ దొరికెను. అది పెద్దది, తొలుచుట సులువు. పిల్లలు వేషములతో మిఠాయి అడుగుట 1930ల నుండి ఆ దేశమున వ్యాపించినది. మన పగటివేషగాండ్రు ఇంటింటికి వచ్చి బియ్యము అడిగినట్టే యనుకొనుడి. 1950లో ఫిలడెల్ఫియాలో క్లైడ్ అల్లిసన్ అను ప్రెస్బిటేరియన్ పాదిరిగారును, ఆయన భార్య మేరీ ఎమ్మాయును పిల్లలచేత ఆ దినమున చిల్లర పోగుచేయించి, 17 డాలర్లు ఐక్యరాజ్యసమితి బాలల నిధికి పంపిరి. తరువాత ఆ పని దేశమంతట పాకెను.

కొరింథు అంగడిలో అమ్మెడు మాంసమును గూర్చి పౌలు చెప్పినది ఇక్కడ పనికివచ్చును. మనస్సాక్షి నిమిత్తము విచారణ చేయక తినవచ్చుననెను. ఇది బలి అర్పింపబడినదని యెవడైన చెప్పినయెడల, వాని నిమిత్తము మానుమనెను. మిఠాయి కొరకు పోవు పిల్లవాడు ఎవరిని పూజించుటలేదు. కాని పూర్వము ఆ రాత్రి యువతీయువకులు నిప్పులో కాయలు వేసి తమ పెండ్లి సంగతి తెలిసికొన జూచిరి. ఈనాడును ఆత్మలను పిలుచు పలక ముందు కూర్చుండువారున్నారు. వాటికి ద్వితీయోపదేశకాండమే జవాబు. చేతబడి భయములోనుండి క్రొత్తగా వచ్చిన విశ్వాసి ఆ యింట నున్నయెడల, వాని కొరకు అస్థిపంజరపు వేషము మాని గొఱ్ఱెల కాపరి వేషము వేయుట మేలు. అయితే ట్రాక్టరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకొని తిరుగు మనవారు డల్లాస్‌లోని గుమ్మడికాయను గూర్చి గద్దించుటకు తొందరపడకుందురుగాక.

అమెరికాలో అనేక మెథడిస్టు, లూథరన్ సంఘములు నవంబరు మొదటి ఆదివారమున ఆ సంవత్సరము ప్రభువునందు నిద్రించినవారి పేర్లు చదివి, దీపములు వెలిగించుట కలదు. సాక్షుల సమూహమును గూర్చి హెబ్రీ పత్రిక చెప్పునది పిల్లలకు అప్పుడు సులువుగా తెలియును. ఈసారి ఫోను వచ్చినప్పుడు మిఠాయి ఎంత దొరికెనని మనుమని అడుగుడి. పిదప వాని ముత్తాతగారి పేరు, ఆయన ఏ చెరువులో బాప్తిస్మము పొందెనో, అందు నిమిత్తము ఊరివారు ఆయనను ఏ బావినుండి నీళ్లు తోడుకొననీయలేదో వానికి చెప్పుడి.