విందునాఁటి యాటలు

పాఠశాల విందులందు కుర్చీలాట లేకున్న పిల్లలకుఁ దృప్తి యుండదు. పదిమందికిఁ దొమ్మిది కుర్చీలు వేసి, పాట యాగినంతనే కూర్చుండుఁ డందుము. చోటు దొరకనివాఁడు వెలుపలికిఁ బోవును. మొదటఁ బోవువాఁడు తఱచుగాఁ జిన్నవాఁడే. తక్కిన యెనిమిది మార్లును వాఁడు గోడ నానుకొని చూచుచుండవలెను. విందు వానికొఱకుఁ గాదా?

మన దాగుడుమూతలలో నిట్లు గాదు. దొరకినవాఁడే దొంగయై యాట నడుపును. నేల-బండయు నట్టిదే. వామనగుంటలలో నోడినవాఁడు తనకు మిగిలిన చింతగింజలతోఁ గొన్ని గుంటలైన నింపుకొని మరల నాడును.

కావునఁ బ్రతిమాఱును కుర్చీని మాత్రమే తీయుదము, పిల్లవానిని వెడలింపవలదు. ఉన్నవానిపై నందఱును సర్దుకొందురు. కుర్చీలు చాలనిచోఁ గమాన్‌పూరు బడి ముంగిట ముగ్గుపిండితో గుండ్రములు గీసినఁ జాలును. కడపటి గుండ్రమును మాత్రము పెద్దదిగా గీయవలెను. పదుగురు నిలువవలసినచోట చిన్నవారి కాళ్ళు నలుగును.