జబ్బుకు పేరు దొరికేదాకా

"ఏమీ తేలట్లేదంటున్నారండీ." పిల్లల వార్డు వరండాలో ఫోన్ చెవిన పెట్టుకుని తిరిగే అమ్మానాన్నల నోట ఎక్కువగా వినబడే మాట ఇదే. జ్వరం వచ్చి వారం దాటింది. డెంగీ కాదన్నారు, మలేరియా కాదన్నారు, టైఫాయిడ్‌కి మందు వాడినా తగ్గలేదు. పొద్దున ఒక డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూసి వెళ్ళారు. మధ్యాహ్నం ఇంకొకరు వచ్చి అవే ప్రశ్నలు మళ్ళీ అడిగారు. సాయంత్రం మళ్ళీ రక్తం తీశారు. ఊళ్ళో ఉన్న పెద్దమ్మేమో "అక్కడేం చేస్తున్నారే, హైదరాబాద్ తీసుకుపోండి" అంటుంది. హైదరాబాద్‌లోనే ఉంటే చెన్నై పొమ్మంటుంది.

ఆ వరండాలో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. డాక్టర్లకి చదువుంది, ల్యాబ్ ఉంది, స్కానింగ్ ఉంది. కానీ జ్వరం రాకముందు మూడు వారాలు మీ బిడ్డ ఎక్కడ తిరిగింది, ఏం తిన్నది, ఎవరి పక్కన పడుకుంది అన్నది వాళ్ళకి తెలియదు, మీకే తెలుసు. అంతుచిక్కని జబ్బుల్లో చాలాసార్లు దారి అక్కడే దొరుకుతుంది.

మన జిల్లాల్లోనే కనబడే స్క్రబ్ టైఫస్‌ని చూడండి. వానలు పడ్డప్పటి నుంచి చలికాలం దాకా దీని రోజులు. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల కుడితే వస్తుంది. అది కంటికి ఆనదు, కుట్టినట్టూ తెలియదు. పది రోజులకో, ఒక్కోసారి మూడు వారాలకో జ్వరం అందుకుంటుంది. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, వాంతులు, ప్లేట్‌లెట్లు తగ్గడం అన్నీ డెంగీని తలపిస్తాయి. కుట్టిన చోట మాత్రం సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు కడుతుంది, చుట్టూ సన్నటి ఎర్ర అంచుంటుంది. నొప్పీ దురదా లేవు కాబట్టి పిల్లలు దాని ఊసే ఎత్తరు. పైగా అది ఉండేది చంకలో, గజ్జల్లో, చెవి వెనక, జుట్టు మధ్య, లేదా సరిగ్గా మొలతాడు కింద. పదేళ్ళ ఆడపిల్ల రౌండ్స్‌కి వచ్చిన ఆరుగురి ముందు బట్టలు తీయనిస్తుందా? తల దువ్వేటప్పుడో ఒళ్ళు తుడిచేటప్పుడో చూడగలిగేది అమ్మే. చూస్తే వెంటనే చెప్పండి, ఆ పెచ్చుని గిల్లకండి. అది కనబడిందంటే సగం పని అయినట్టే. సరైన మందు పడితే చాలామంది పిల్లల్లో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తుల మీదికో మెదడు మీదికో పోతుంది. అందరికీ పెచ్చు కనబడదు, అందుకే రక్తపరీక్ష కూడా చేస్తారు.

డాక్టరుగారు "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళారా?" అంటే "లేదండీ, ఇంట్లోనే ఉన్నాం" అనేస్తాం. దసరా సెలవులకి అమ్మమ్మగారి ఊరెళ్ళి పొలం గట్ల మీద తిరిగొచ్చిన సంగతి మనకి ప్రయాణం లెక్కలోకి రాదు. మేకలు ఈనుతుంటే దగ్గరుండి చూడటం, పితికిన పాలు కాచకుండా తాగడం కూడా అంతే. పశువుల నుంచి బ్రూసెల్లోసిస్ అనే జ్వరం వస్తుంది. వారాల తరబడి వచ్చీ పోయీ, కీళ్ళు నొప్పి పుట్టిస్తుంది. ఫలానాదాని కోసం చూడమని ల్యాబ్‌కి చెప్తే తప్ప మామూలు పరీక్షల్లో సులువుగా చిక్కదు. చూడమని చెప్పాలంటే డాక్టరుకి మేకల సంగతి తెలియాలి కదా. ఇంట్లో తాతయ్యకి రెండు నెలలుగా దగ్గు ఉందా? అదీ చెప్పండి, పెద్దాయన చిన్నబుచ్చుకుంటారని చూడకండి. పసివాళ్ళ టీబీ ఎక్కువగా ఇంట్లో పెద్దల దగ్గరినుంచే వస్తుంది. వాళ్ళు కఫం ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే తెల్లవారకముందే, ఏమీ తినకముందే ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలోని నీటిని పరీక్షకి తీస్తారు. చూడటానికి కష్టంగానే ఉంటుంది, కానీ వేరే దారి లేనప్పుడే చేస్తారు.

జ్వరం లేకుండా ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి, చెమటలు పట్టి పడిపోయిన రెండేళ్ళ పిల్లాడి విషయంలో ఇల్లు వెతకడమే పరీక్ష. నానమ్మ దిండు కింద పెట్టుకునే షుగర్ మాత్రల్లో కొన్ని రకాలు ఒక్కటి మింగినా పసివాడి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. బీరువాలో వేసే కలరా ఉండ నోట్లో పెట్టుకుంటే, పుట్టుకతో జీ6పీడీ లోపం ఉన్న పిల్లల్లో ఎర్రకణాలు పగిలి మూత్రం కోకాకోలా రంగులోకి మారుతుంది. పట్టీలోని మాత్రలు లెక్కపెట్టండి. తగ్గాయనిపిస్తే ఆ పట్టీనే తీసుకుని ఆసుపత్రికి రండి. నానమ్మని నిందించడం తర్వాత చూసుకోవచ్చు, అసలు చేయకపోయినా పరవాలేదు.

కొన్ని సంగతులు సిగ్గుతోనో భయంతోనో దాస్తాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మూడు ఇంజెక్షన్లు చేయించామంటే పెద్ద డాక్టరు కోప్పడతారేమోనని, పసరు పోయించామంటే నవ్వుతారేమోనని. కోప్పడితే పడనివ్వండి. యాంటీబయాటిక్ ముందే పడి ఉంటే బ్లడ్ కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు, ఆ సంగతి తెలియకపోతే "ఇన్‌ఫెక్షన్ లేదు" అని పొరబడే వీలుంది. స్టెరాయిడ్ సంగతి ఇంకా గట్టిది. కాళ్ళ నొప్పులతో నడవలేక, పాలిపోయి, జ్వరంతో ఉన్న బిడ్డకి స్టెరాయిడ్ వేస్తే రెండు రోజుల్లో లేచి ఆడుకోవచ్చు. లోపల ఉన్నది రక్త క్యాన్సర్ అయితే మాత్రం అది తాత్కాలికంగా అణిగి, ఎముక మజ్జ పరీక్షకి కూడా దొరక్కుండా పోవచ్చు. ఏం ఇంజెక్షనో పేరు తెలియకపోతే ఆర్‌ఎంపీకి అక్కడినుంచే ఫోన్ చేసి అడగండి.

"మేనరికమా అమ్మా?" అనే ప్రశ్న కూడా అలాంటిదే. అడగ్గానే అత్తగారు తల తిప్పుకుంటారు, తల్లి కళ్ళు దించుకుంటుంది. తప్పు పట్టడానికి కాదు అడిగేది. దగ్గరి చుట్టరికంలో పెళ్ళయితే కొన్ని జన్యు జబ్బులకి అవకాశం పెరుగుతుంది, వెతకాల్సిన దిక్కు మారుతుంది. ఇంతకుముందు ఒక బిడ్డ పోయి ఉంటే ఎన్నో నెలలో, ఎలా పోయిందో చెప్పండి. అందరి ముందూ నోరు రాకపోతే "డాక్టరుగారూ, రెండు నిమిషాలు విడిగా మాట్లాడాలి" అనండి. పన్నెండు, పదమూడేళ్ళు దాటిన పిల్లలకీ ఆ రెండు నిమిషాలు ఇవ్వండి. మీరు బయటికి వెళ్ళాక వాళ్ళు డాక్టరుతో చెప్పేది మీరు ఊహించనిది కావచ్చు.

ఇక ఒక నోటు పుస్తకం కొనండి. అలా రాసుకున్న ఒక పేజీ ఇలా ఉంటుంది: "మంగళవారం ఉదయం 6కి 98.6, ఇడ్లీ తిన్నది, ఆడుకుంది. సాయంత్రం 5కి 103.2, పొట్ట మీద, తొడల మీద గులాబీ రంగు మచ్చలు, కుడి మోకాలు వాపు. రాత్రి 9కి జ్వరం లేదు, మచ్చలు లేవు." పొద్దున తొమ్మిదికి రౌండ్స్‌కి వచ్చే డాక్టరు చూసేది మచ్చలూ జ్వరమూ లేని పిల్లనే. ఈ తీరు రెండు వారాలు సాగితే అది పిల్లల్లో వచ్చే ఒక రకం కీళ్ళవాతం కావచ్చని అనుమానం వస్తుంది, ఆ అనుమానం పుట్టేది ఆ పేజీలోంచే. మచ్చ కనబడగానే వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీయండి. చెయ్యి పెట్టి చూసి "బాగా కాలుతోంది" అనడం చాలదు, థర్మామీటరు అంకె కావాలి.

చేసిన పరీక్షే మళ్ళీ ఎందుకు చేస్తారన్నది చాలామందిని కుదురుగా ఉండనివ్వని ప్రశ్న. డెంగీలో మొదటి ఐదు రోజులూ ఎన్‌ఎస్1 పరీక్ష పనికొస్తుంది, తర్వాత ఐజీఎం. తప్పు రోజున చేస్తే జబ్బున్నా లేదని రావచ్చు. బ్లడ్ కల్చర్‌కి రెండు మూడు రోజులు తక్కువలో తక్కువ, ఒక్కోసారి ఐదు. మన ఊళ్ళలో జ్వరం రాగానే చేసే వైడాల్ ఒక్కదాన్నే పట్టుకుని టైఫాయిడ్ అనడం, నా మట్టుకు నాకు, మనం వదిలించుకోవాల్సిన అలవాటు. వేరే జ్వరాల్లోనూ అది పాజిటివ్ రావచ్చు. "నార్మల్" అని వచ్చిన రిపోర్టుకి డబ్బు దండగైందని బాధపడతాం. ఒక జబ్బు కాదని తేలడం కూడా ముందుకు పడిన అడుగే.

అసలు ఏ ఒక్క పరీక్షకీ దొరకని జబ్బులున్నాయి. 1961 జనవరిలో టోక్యోలో తొమిసాకు కవాసాకి అనే పిల్లల డాక్టరు దగ్గరికి నాలుగేళ్ళ బాబు వచ్చాడు. రోజుల తరబడి జ్వరం, ఎర్రటి కళ్ళు, పగిలిన పెదాలు, ఒంటి మీద దద్దు, తర్వాత వేళ్ళ చివర తోలు ఊడటం. ఆయనకి తెలిసిన ఏ జబ్బుకీ అది సరిపోలేదు. బాబు కోలుకున్నాడు. ఏదో ఒక పేరు తగిలించకుండా, జబ్బేదో తెలియలేదని రాసి ఇంటికి పంపారాయన. మరుసటి ఏడు అలాంటి బిడ్డే మరొకరు కనబడేసరికి ఆయన గుర్తుపట్టారు. 1967 నాటికి యాభైమంది పిల్లల వివరాలు పోగుచేసి ప్రచురించారు. ఇప్పుడు కవాసాకి జబ్బు అంటే మన పిల్లల డాక్టర్లందరికీ తెలుసు. అయిదేళ్ళ లోపు పిల్లల్లో ఎక్కువ. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించకపోతే సుమారు నలుగురిలో ఒకరికి గుండె రక్తనాళాలు దెబ్బతింటాయి, పది రోజుల్లోపు ఎక్కిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. లక్షణాలు అన్నీ ఒకేసారి కనబడవు, కళ్ళ ఎరుపు తగ్గాక పెదాలు పగలొచ్చు. మొన్నటి ఫోటో మీ ఫోన్‌లో ఉంటే ఎంత మేలో ఇక్కడ తెలుస్తుంది. కాబట్టి డాక్టరు "ఇంకా తెలియలేదమ్మా, చూస్తున్నాం" అంటే చేతకానితనం అనుకోకండి. నాకైతే తెలియకపోయినా ఏదో ఒక పేరు చెప్పేవాళ్ళంటేనే భయం.

ఊరికే నమ్మి కూర్చోమనడం లేదు. అడగండి. "ఇప్పుడు మీ అనుమానం వేటి మీద ఉంది? ఈ పరీక్షలో ఉందని వస్తే ఏం మారుతుంది, లేదని వస్తే ఏం మారుతుంది?" ఈ రెండు ప్రశ్నలకీ మంచి డాక్టరు ఓపిగ్గా జవాబు చెప్తారు. వెన్నులో నీరు తీస్తామంటే కాళ్ళు పడిపోతాయన్న భయంతో సంతకం పెట్టనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెన్నుపాము పైనే ఆగిపోతుంది, సూది గుచ్చేది దానికి దిగువన. ఒకటి రెండు రోజులు తలనొప్పో నడుం నొప్పో ఉండొచ్చు. మెదడువాపుని అనుమానించినప్పుడు ఆ సంతకానికి పూట ఆలస్యం కూడా ఎక్కువే. రక్తమంతా లాగేస్తున్నారన్న బెంగా వద్దు. పదిహేను కిలోల బిడ్డ ఒంట్లో లీటరుకి పైగానే రక్తం ఉంటుంది. ఒక పూట తీసేది మహా అయితే రెండు టీస్పూన్లు.

ఆసుపత్రి మార్చాలనిపిస్తే చెప్పి మార్చండి. చెప్పకుండా రాత్రికి రాత్రి వెళ్ళిపోతే కొత్తచోట కథ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. కల్చర్ రిపోర్టు పాత ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. ఇంకొకరి అభిప్రాయం కావాలని అడగడం అమర్యాదేం కాదు. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, స్కాన్ సీడీ, బయాప్సీ అయి ఉంటే స్లైడ్లూ, ముక్క ఉన్న మైనపు దిమ్మా అడిగి తీసుకోండి.

పిల్లల సంగతి మరిచిపోతున్నాం. "అన్నం తినకపోతే డాక్టరు సూది వేస్తాడు" అని మనమే ఏళ్ళ తరబడి బెదిరించి, ఇప్పుడు సూదికి ఏడవొద్దంటే ఎలా? "నొప్పి పుడుతుంది నాన్నా, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, నేను చెయ్యి పట్టుకుంటా" అనండి. నొప్పే ఉండదని మాత్రం అనకండి, రెండోసారి మీ మాట నమ్మరు. మంచం పక్కన నిలబడి మీ ఇద్దరూ గుసగుసలాడితే వాళ్ళు అంతకంటే పెద్దదే ఊహించుకుంటారు.

కొందరికి జవాబు నెలల తర్వాత గానీ రాదు. జన్యు పరీక్షల రిపోర్టుకే వారాలు పడుతుంది, ఈ ఏడు ఏమీ తేలని రిపోర్టునే ఒకటి రెండేళ్ళ తర్వాత మళ్ళీ విశ్లేషిస్తే తేలవచ్చు. 2021లో వచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి. మీ డాక్టరు అక్కడికి రాసిస్తే వెళ్ళండి. ఇంకొందరికి జ్వరం దానంతటదే తగ్గిపోయి, ఏమిటన్నది ఎప్పటికీ తెలియదు.

ఇంటికి పంపాక బిడ్డ మగతగా ఉన్నా, ఎగశ్వాస తీస్తున్నా, మెడ వంచలేకపోయినా, మూర్ఛ వచ్చినా, నొక్కినా పోని ఊదారంగు మచ్చలు కనబడ్డా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా అర్ధరాత్రైనా బయల్దేరండి. మూడు నెలల లోపు పసికందుకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఇవేవీ లేకపోయినా వెళ్ళాలి. డిశ్చార్జి కాగితంలో పీయూఓ అని రాసి ఉంటే కంగారు పడకండి, కారణం తెలియని జ్వరం అని దానర్థం. కౌంటర్ దగ్గర బిల్లు కట్టే హడావిడిలో మరిచిపోకుండా ఇంకా ఏయే రిపోర్టులు రావాలో, వస్తే ఎవరు ఫోన్ చేస్తారో, మళ్ళీ ఎప్పుడు చూపించాలో ఆ కాగితం వెనకే రాయించుకోండి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించి ఉంటే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు దాదాపు 11 నెలలు వాయిదా వేస్తారు. కాబట్టి టీకాకి వెళ్ళిన రోజు కార్డుతోపాటు ఆ కాగితం కూడా నర్సమ్మకి చూపించండి.